ఆడిషన్‌కి వెళ్లే ముందు మీతో నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. మీలో కొందరు ఇప్పటికే ఏదో ఒక రియాలిటీ షోకి అప్లికేషన్ పెట్టి ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని చూస్తుంటారు, ఇంకొందరు పెడదామా వద్దా అని ఊగిసలాడుతుంటారు, అందుకే నేరుగా విషయానికి వచ్చేస్తాను. ఆడిషన్ పరీక్ష కాదు. మార్కులు వేసి, ఎక్కువ వచ్చినవాళ్లను తీసుకోవడం అక్కడ ఉండదు. ఎంపిక చేసేవాళ్లు ఒకటే చూస్తారు: ఈ మనిషి తర్వాత ఏం చేస్తారో చూడాలని జనానికి అనిపిస్తుందా, లేదా?

1999లో నెదర్లాండ్స్‌లో బిగ్ బ్రదర్ అనే రియాలిటీ షో మొదలైంది. కొందరిని ఒక ఇంట్లో పెట్టి చుట్టూ కెమెరాలు బిగించారు, అంతే కదా అనిపిస్తుంది. కానీ అలాంటి షోల్లో డైలాగులు రాసి ఇవ్వరు కాబట్టి, లోపలికి ఎవరిని పంపుతున్నారన్న దాని మీదే కథంతా నడుస్తుంది. ఒకే రకం మనుషులు పదిమంది ఉంటే కథ కదలదు. అంటే మీలాంటి మనిషి ఒకరు అప్పటికే దొరికి ఉంటే, మీరెంత బాగా మాట్లాడినా పక్కన పెట్టేయొచ్చు. ఈ సంగతి తెలియక ఒక్కసారి కాదనగానే తమలోనే ఏదో లోపం ఉందని కుమిలిపోయిన పిల్లల్ని చూశాను, అందుకే ముందే చెబుతున్నాను.

మరి మన చేతుల్లో ఏముంది? మాట్లాడే తీరు ఉంది.

ఒకసారి ప్రాక్టీసుకి ఒక అమ్మాయి వచ్చింది. నీ గురించి చెప్పమ్మా అంటే, "నేను చాలా స్ట్రాంగ్ అండీ, ఎవరికీ భయపడను, ఏదైనా మొహం మీదే చెప్పేస్తాను" అంది. రోజూ వందమంది చెప్పే మాటలివి. సరే, ఈ మధ్య ఎవరితోనైనా గొడవపడ్డావా అని అడిగాను. కాసేపు ఆలోచించి, అన్నయ్యతో మూడు నెలలుగా మాటల్లేవంది. బండి విషయంలో గొడవైందట, కోపంలో తాళంచెవి తీసి తన బ్యాగులో వేసుకుందట. నీకు బండి నడపడం వచ్చా అన్నాను. "రాదండీ. అయినా ఇవ్వలేదు. రోజూ బ్యాగులో వేసుకునే ఆఫీసుకి వెళ్తున్నాను" అంటూ బ్యాగు తెరిచి తాళంచెవి బయటికి తీసింది, దానికి ఎర్రదారం కట్టి ఉంది, ఆ దారం కట్టింది వాళ్ల అన్నయ్యే అని చెబుతుంటే గొంతు మారిపోయింది. గదిలో ఉన్న మేమంతా ముందుకు వంగి వింటున్నాం. స్ట్రాంగ్ అన్న మాట చెప్పలేనిది ఆ తాళంచెవి చెప్పింది. కాబట్టి మీరెలాంటివాళ్లో చెప్పకండి, మీకేం జరిగిందో, అప్పుడు మీరేం చేశారో చెప్పండి. నిజంగా జరిగినవి మూడు సంగతులు సిద్ధం చేసుకోండి, బట్టీ మాత్రం పట్టకండి, బట్టీ పట్టిన మాట మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూలో జవాబు చెప్పేటప్పుడు ప్రశ్నను కూడా కలుపుకుని చెప్పండి. అడిగేవాళ్ల గొంతును ఎడిటింగ్‌లో తీసేస్తారు. "మీకు దేనికి భయం?" అంటే "చీకటి" అని ఊరుకుంటే ఆ ముక్క వాడుకోలేరు. "నాకు చీకటంటే భయం, ఎందుకంటే..." అని మొదలుపెడితే వాడుకోగలరు. చిన్న అలవాటే, చాలామందికి ఎవరూ చెప్పరు.

వీడియో పంపమంటే కెమెరా గురించి కంగారు వద్దు, ఫోన్ సరిపోతుంది. కిటికీకి వీపు పెట్టి కూర్చోకండి, మొహం నల్లగా పడుతుంది. వెలుగు మీ మొహం మీద పడాలి. ఫ్యాన్ ఆపండి. ఫిల్టర్లు వద్దు. వాళ్లు ఎంతసేపు అడిగితే అంతే పంపండి.

పాటల షోలకి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. టీవీలో కనిపించే జడ్జీల గది మొదటి మెట్టు కాదు. పెద్ద టాలెంట్ షోల్లో అంతకుముందే షోకి మనుషుల్ని ఎంపిక చేసే కాస్టింగ్ టీమ్ విని, వడపోసి పంపుతుంది. 2009లో బ్రిటన్స్ గాట్ టాలెంట్‌లో నలభై ఏడేళ్ల సూసన్ బాయిల్ తాను గాయని కావాలనుకుంటున్నానని చెబితే హాల్లో నవ్వినవాళ్లున్నారు, పాట ఎత్తుకున్న కొన్ని క్షణాలకే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ కొన్ని క్షణాల గురించి ఆలోచించండి. మొదటి వడపోతలో మీకు దొరికేది ఒక నిమిషమో, అంతకంటే తక్కువో, కాబట్టి మీ గొంతు బాగా పలికే చోటు నుంచే మొదలుపెట్టండి. వేరే మూడ్‌లో ఉన్న రెండో పాట కూడా దగ్గర పెట్టుకోండి, "ఇంకోటి పాడండి" అన్నప్పుడు తడబడకూడదు.

ఇక మనసులో పెట్టుకుని వచ్చిన మాట చెబుతాను, నిజానికి దీనికోసమే ఇవాళ ఇక్కడికి వచ్చాను. ఆడిషన్‌లో మనసు విప్పమని అడుగుతారు, విప్పాలి కూడా. కానీ ఏది చెప్పకూడదో ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. సంతకం పెట్టమనే కాగితంలో మీ మాటల్ని కత్తిరించి, వేరే చోట అతికించి వాడుకునే హక్కు వాళ్లకు రాసిచ్చే షరతు సాధారణంగా ఉంటుంది. ఒక్కసారి ప్రసారమయ్యాక వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని చదవండి, కుదిరితే లాయర్‌కి చూపించండి. టైమ్ లేదు, ఇప్పుడే పెట్టాలి అని తొందరపెడితే ఇంకా జాగ్రత్తగా ఉండండి. ఫారంలో పాత కేసుల గురించీ ఆరోగ్యం గురించీ అడిగితే దాచొద్దు, ఎంపిక చేసేముందు విచారించుకుంటారు, మానసిక నిపుణులతో మాట్లాడించే షోలూ ఉన్నాయి. సెలెక్ట్ చేయిస్తాం, ముందు డబ్బు కట్టండి అన్నవాళ్లకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఆ అమ్మాయి తాళంచెవి కథను ఆడిషన్‌లో చెప్పేముందు వాళ్ల అన్నయ్యకి ఫోన్ చేసింది. చెప్పుకోవచ్చా అని అడగడానికి. మూడు నెలల తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నది అప్పుడే. ఆయన సరేనన్నాడు, దారం సంగతి మాత్రం వద్దన్నాడు. ఆమె చెప్పలేదు.

సరే, ఇప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు అడగండి, ఒకరు చెప్పండి. మొదటి ప్రశ్న నేనిస్తాను: ఈ మధ్య మీరు ఎవరితో మాట్లాడటం మానేశారు?