యుద్ధం పాటలనుకుని వార్‌డ్రూనా పెట్టుకుంటే

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? మొదలుపెట్టే ముందు ఒక్క పని చేయండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఇవాళ వినిపించే బిట్స్‌లో సగం కొమ్ముల గుర్రూ డోలు దరువూనే, ఫోన్ స్పీకర్లో పెడితే దోమల రొదలా వస్తాయి, తర్వాత నన్ను తిట్టుకుంటారు.

ఇవాళ మన బ్యాండ్ వార్‌డ్రూనా. నార్వే వాళ్ళు. పేరు వినకపోయినా మీలో చాలామంది ఆ గొంతు వినే ఉంటారు, ఎందుకంటే ‘వైకింగ్స్’ (వెయ్యేళ్ళ కిందటి ఉత్తర యూరప్ సముద్ర యోధులు) అనే సిరీస్ సంగీతానికి వీళ్ళ ముఖ్యమైన మనిషి ఐనార్ సెల్విక్ పనిచేశాడు, 2020లో వచ్చిన ‘అసాసిన్స్ క్రీడ్ వల్‌హల్లా’ గేమ్‌లో కూడా అతని పాటలున్నాయి. ఇక రీల్స్ సంగతి చెప్పక్కర్లేదు, జిమ్‌లో బరువులెత్తే ప్రతి గడ్డం అన్నయ్య వెనకాలా ఇవే. నేనూ అలాగే వచ్చాను, గొడ్డలి పట్టుకుని పడవ దిగి ఊళ్ళ మీద పడే టైపు పాటలుంటాయని. కొన్ని నెలలుగా వింటున్నా, యుద్ధం దాదాపు లేదండీ. భూర్జ చెట్టు (ఇంగ్లీషులో బర్చ్) ఉంది, నీళ్ళున్నాయి, తెల్ల బొంతకాకి ఉంది, ఎలుగుబంటి ఉంది, చావు ఉంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఐనార్ అంతకుముందు గార్గొరోత్ అనే బ్లాక్ మెటల్ (అరుపులూ గిటార్ల హోరూ నిండిన సంగీతం) బ్యాండ్‌లో డ్రమ్మర్. అదే బ్యాండ్‌లో పాడిన గాల్, ఇంకా లిండీ ఫే హెల్లా అనే గాయని, వీళ్ళతో కలిసి 2003లో ఇది మొదలుపెట్టాడు. గాల్ 2015లో వెళ్ళిపోయాడు, లిండీ ఇప్పటికీ ఉంది, నన్నడిగితే ఈ బ్యాండ్‌లో సగం మాయ ఆవిడదే. మొదటి ఆల్బమ్ రావడానికి ఆరేళ్ళు పట్టింది. వాళ్ళు పెట్టుకున్న పని అలాంటిది మరి: వైకింగ్‌లకంటే ముందు అక్కడ వాడిన పాత లిపిలో 24 అక్షరాలుంటాయి, రూన్స్ అంటారు, ఒక్కొక్క అక్షరానికి ఒక అర్థం, నీళ్ళు, పశుసంపద, భూర్జ చెట్టు, ఇలా. వాటి మీదే 2009, 2013, 2016లో మూడు ఆల్బమ్‌లు. ఈ రూన్స్ కోసం ఓడిన్ దేవుడు తొమ్మిది రాత్రులు తిండీ నీళ్ళూ లేకుండా చెట్టుకి వేలాడాడని ఆ ఉత్తర దేశాల పాత పద్యాల్లో ఉంది. తపస్సుల కథలు వింటూ పెరిగినవాళ్ళం, మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

రికార్డింగ్ ఎలా చేశారంటే, భూర్జ చెట్టు పాటకి భూర్జ అడవిలోకే వెళ్ళి మానుల మీద కొట్టి ఆ చప్పుడు తీసుకున్నారు, నీళ్ళ పాటకి నీళ్ళలో నిలబడి పాడారు. మొదట విన్నప్పుడు పబ్లిసిటీ కోసం చెప్పే కబుర్లనుకున్నా. కానీ ఇది వినండి.

(ఇక్కడ బిట్)

విన్నారా, ఆ టక్ టక్‌లో తడి ఉంది. స్టూడియో గదిలో అది రాదు.

వాయిద్యాల్లో నాకు పిచ్చెక్కించింది తాగెల్‌హార్పా. చూడ్డానికి కిటికీ చెక్కిన చెక్కపలకలా ఉంటుంది, తీగల బదులు గుర్రపు తోక వెంట్రుకలు పేనిన తాళ్ళు, గీసే కమానుకీ గుర్రపు వెంట్రుకలే. వయొలిన్‌లా తీగని వేలితో పలకకేసి నొక్కడం ఉండదు. ఆ కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, వేళ్ళ వెనకభాగం, అంటే గోళ్ళూ కణుపులూ ఉండే వైపుని తీగకి ఆనిస్తారు. అందుకే ఆ స్వరం శుభ్రంగా రాదు, జలుబు చేసిన ముసలాయన రాగం తీసినట్టు గరగరమంటూ వస్తుంది, వీళ్ళకి కావాల్సింది కూడా అదే. దీనికి తోడు మేక కొమ్ము, పొడవాటి కంచు బూర, తోలు డోళ్ళు. ఆ డోళ్ళు చూసినప్పుడల్లా నాకు మంట దగ్గర కాచుకున్న డప్పే గుర్తొస్తుంది, తోలు ఎక్కడైనా తోలే.

ఒక విషయం మాత్రం కరెక్ట్‌గా చెప్పుకోవాలి, ఇది వైకింగ్‌ల కాలం నాటి సంగీతం కాదు. ఆ కాలం బాణీలేవీ రాతలో మిగల్లేదు. వాయిద్యాలు పాతవి, కొన్ని పద్యాలు పాతవి, కూర్పు వీళ్ళదే, ఐనార్ ఆ మాట దాచుకోడు. అయినా వీడియోల కింద ‘వెయ్యేళ్ళ నాటి పాట’ అని కామెంట్ పెట్టేవాళ్ళే ఎక్కువ.

ఇక నా సలహా, మొదటి ఆల్బమ్‌తో మొదలుపెట్టకండి. మధ్యలో ఒక అరగంట ఒకే జపంలా సాగుతుంది, సగంలో ఆపేస్తారు. 2018లో వచ్చిన ‘స్కాల్డ్’ పెట్టండి. స్కాల్డ్ అంటే ఆ కాలం కవి. ఐనార్ ఒక్కడే స్టూడియోలో కూర్చుని నేరుగా పాడేశాడు, పక్కన గుంపు లేదు, హంగామా లేదు. అందులో ‘సొనటొర్రెక్’ ఉంది, నాకు అన్నింటికంటే నచ్చింది అదే. ఐస్‌లాండ్‌లో ఎగిల్ అనే కవి ఉండేవాడు, చిన్నప్పటి నుంచే మనుషుల్ని చంపిన మొరటోడు, అతని కొడుకు సముద్రంలో మునిగిపోతాడు. ఎగిల్ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాడు, తిండి మానేసి చచ్చిపోదామని. కూతురొచ్చి, నాన్నా నేనూ నీతోనే చస్తా, తలుపు తియ్యి అంటుంది. లోపలికెళ్ళి ఏదో నములుతూ కూర్చుంటుంది. ఏంటదీ అంటే సముద్రపు నాచు, త్వరగా పోవడానికి, నీకూ కావాలా అంటుంది. ఇద్దరూ తింటారు, ఉప్పు నాచు కదా, దాహమేస్తుంది, తాగడానికి తెప్పిస్తే కొమ్ములో వచ్చేది పాలు. మోసపోయాం నాన్నా, ఎలాగూ ఇంకొంచెం బతికాం కాబట్టి తమ్ముడి మీద ఒక పద్యం చెప్పు, నేను చెక్క మీద చెక్కుతా అంటుంది. ఆ పద్యమే ఇది. భాష ఒక్క ముక్క అర్థం కాదు, కానీ ఈ కథ తెలిసి వింటే, ఆ మొదటి నిమిషంలో గొంతు పెకలక లాక్కుంటూ పాడుతుంటాడే, అక్కడ నేను వీడియో ఎడిటింగ్ ఆపి కూర్చుండిపోయా.

‘హెల్‌వేగెన్’ మీకు ఎలాగూ తెలుసు, చావు దారిలో నడిచేవాడి పాట, స్కాల్డ్‌లో దాని ఒంటరి వెర్షన్ కూడా ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం.

కొత్త ఆల్బమ్ ‘బిర్నా’, 2025 జనవరిలో వచ్చింది, ఆడ ఎలుగుబంటి అని అర్థం. చలికాలం గుహలో పడుకునే ఎలుగు కలల మీద పావుగంట దాటే ట్రాక్ ఒకటుంది అందులో. నేను మొదటిసారి వింటూ ఎనిమిదో నిమిషంలో నిద్రపోయా, రెండోసారి కూడా. ఎలుగు నిద్ర మీద పాట కాబట్టి మార్కులు తీసెయ్యాలా, పూర్తిగా వేసెయ్యాలా, ఇంకా తేల్చుకోలేదు.