గంజి పోసే ముందు అడిగే ప్రశ్నలు

సభకు నమస్కారం. మన చెన్నైలో స్టాన్లీ ఆస్పత్రిని పాతవాళ్ళు ఇప్పటికీ ‘కంజి తొట్టి ఆస్పత్రి’ అనే అంటారు. 1782 కరువులో అక్కడి సత్రంలో ఆకలితో వచ్చినవాళ్ళకు గంజి పోశారు. ఆస్పత్రికి మూలం ఆ సత్రమే. సత్రాల్లో కులాల పంక్తులు ఉండేవి, అది దాచాల్సిన పనిలేదు. అయినా ఆకలితో వచ్చినవాడి చేత ముందు పని చేయించి, తర్వాత గంజి పోయాలన్న ఆలోచన అక్కడ లేదు.

ఆ ఆలోచన 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైన ధాత కరువులో గట్టిపడింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఎండిపోయాయి. 1877లో వైస్రాయ్ లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ని ఇక్కడికి పంపాడు. మూడేళ్ళ ముందు బీహార్ కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించినందుకు, దుబారా చేశాడని తిట్లు తిన్న మనిషి ఆయన. ఇక్కడ ఆ చెడ్డపేరు పోగొట్టుకోవాలనుకున్నాడు. సర్కారు పెట్టిన కరువు పనుల్లో రోజంతా మట్టి మోసే మగకూలీకి పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు! ఆ తిండితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్, అంటే ప్రజారోగ్యం చూసే అధికారి, కార్నిష్ అంకెలతో సహా వాదించాడు. చివరికి కూలి పెంచారు, కానీ అప్పటికే ఎందరో పోయారు. ఆ కరువు మొత్తం మీద దక్షిణాదిలో 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా.

చేపాక్ నుంచి తిరుమయిలై దాకా లోకల్ రైల్లో వెళ్తూ కిందికి చూడండి. రైలు స్తంభాల మధ్య ఇరుక్కుపోయిన ఆ నల్లటి నీరు బకింగ్‌హాం కాలువ. కూవం, అడయార్ నదులను కలిపే ఈ ముక్కను 1877-78లో కరువు కూలీలే తవ్వారు. అక్కడ వాళ్ళ పేరు మీద ఒక్క రాయి కూడా లేదు. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

2015 డిసెంబరు వరదల్లో మసీదుల్లో, గుళ్ళల్లో, కల్యాణ మండపాల్లో వంటలు చేసి, నీళ్ళలో నడిచి వెళ్ళి పంచారు. నువ్వెవరని ఎవరూ అడగలేదు. 2023లో మిచాంగ్ తుపాను తర్వాత ప్రభుత్వం 6,000 రూపాయలను రేషన్ షాపుల ద్వారా ఇచ్చింది. మంచి పనే. కార్డు లేనివాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చని కూడా చెప్పింది. అయితే శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ బిల్డింగులు కట్టే మన కూలీకి ఈ ఊళ్ళో కార్డు ఉండదు, అద్దె రసీదు ఉండదు. ఉన్న కాగితాలు నీళ్ళలో తడిసిపోతే ఆ దరఖాస్తుకు అతను ఏం జతచేయాలి?