బావ తెచ్చే ల్యాప్‌టాప్‌లో మిగిలేది ఎంత?

(మొదటి షాట్: టేబుల్ మీద కొత్త ల్యాప్‌టాప్ పెట్టె, పక్కన అమెరికా పిన్ను చార్జర్. ఫోన్ మోగుతుంది.)

"అన్నా, డాలస్ బావ వచ్చే నెల వస్తున్నాడంట కదా. నాకొక ల్యాప్‌టాప్ తెమ్మని చెప్పవా? అక్కడ సగం రేటంట!"

నిన్న రాత్రి మా పిన్ని కొడుకు చేసిన ఫోన్ ఇది. ఖమ్మంలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సగం రేటని వాడికి ఎవరు చెప్పారో గానీ, ఆ మాట మన ఇళ్లలో ఇరవై ఏళ్లుగా తిరుగుతోంది. "చూద్దాంలేరా" అని పెట్టేశాను. తర్వాత కూర్చుని లెక్క రాశాను. ఆ కాగితమే ఈ వీడియో.

(స్క్రీన్ మీద: 999 డాలర్లు × 87)

ఊరికే ఊహించుకున్న అంకెలు వద్దు, నిజంగా అమ్మిన ధరలే తీసుకుందాం. 2025 మార్చిలో ఎం4 చిప్పుతో ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ వచ్చింది. అమెరికాలో 999 డాలర్లు, ఇక్కడ 99,900 రూపాయలు. అప్పుడు డాలరు సుమారు 87 రూపాయలు. గుణిస్తే 86,913. అంటే 13 వేలు మిగులు. సగం రేటు కాకపోయినా బాగానే ఉంది కదా?

ఆగండి. అమెరికాలో షాపు బోర్డు మీద ఉండే ధరలో పన్ను కలిసి ఉండదు. మన ఎమ్మార్పీలో 18 శాతం జీఎస్టీ ముందే కలిసి ఉంటుంది. అక్కడ బిల్లు కొట్టేటప్పుడు సేల్స్ ట్యాక్స్ పైన పడుతుంది. మన బావ ఉండే డాలస్ వైపు అది 8.25 శాతం. 86,913కి అది కలిపితే 94,083. మిగులు 13 వేల నుంచి 5,800కి దిగింది.

ఇక డబ్బు ఎవరు కడుతున్నారో చూడాలి. బావ తన అమెరికా కార్డుతో కట్టి, మీరు ఆయనకు రూపాయల్లో ఇస్తే ఇబ్బంది లేదు. "వద్దు బావా, నేనే ఆన్‌లైన్‌లో కట్టేస్తా, నువ్వు డెలివరీ తీసుకో" అని ఇక్కడి క్రెడిట్ కార్డు వాడారనుకోండి. చాలా కార్డులు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం దాకా మార్కప్ అనే అదనపు చార్జీ వేస్తాయి, ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపి 4.13 శాతం. అప్పుడు మొత్తం 97,969 అవుతుంది. 99,900లోంచి తీసేయండి.

(స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో: 1,931)

రెండు వేలకు కూడా చాలలేదు! దీని కోసం బావ షాపుకు వెళ్లాలి, పద్నాలుగు వేల కిలోమీటర్ల దాకా మోసుకురావాలి, మనం రెండు నెలలు ఎదురుచూడాలి.

అసలు తమాషా ఇంకోటి ఉంది. అదే ఎయిర్‌కు అదే సమయంలో మన దేశంలో విద్యార్థుల ధర 89,900. బావ టెక్సాస్‌లో మామూలు ధరకు కొన్నదానికంటే అదే తక్కువ! కాలేజీ ఐడీ కార్డు ఉన్న మా తమ్ముడికి ఈ విషయం తెలియదు, డాలరు రేటు మాత్రం రోజూ చూస్తాడు. ఆ డాలరు 2025 డిసెంబర్‌లో 90 కూడా దాటింది. రూపాయి పడ్డ ప్రతిసారీ బావ తెచ్చే ల్యాప్‌టాప్ ధర పెరుగుతుంది, షాపులో ఉన్నదాని ధర మాత్రం వెంటనే మారదు.

మరి ఎప్పుడూ దండగేనా అంటే, కాదు. 2024 అక్టోబర్‌లో వచ్చిన 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోనే చూడండి. అమెరికాలో 1,599 డాలర్లు, ఇక్కడ 1,69,900. అప్పటి 84 రూపాయల లెక్కన, టెక్సాస్ పన్ను కూడా కలిపితే 1,45,397. తేడా 24,500. కంపెనీ ఒకటే, ఏడాది కూడా తేడా లేదు, ఒకదాంట్లో ఆరు వేలు, ఇంకోదాంట్లో పాతిక వేలకు దగ్గర. అందుకే "అమెరికాలో చవక" అని గంపగుత్తగా చెప్పే మాటను నేను నమ్మను. మీకు కావాల్సిన మోడల్‌కు, ఆ రోజు డాలరుకు, ఆ ఊరి పన్నుకు వేరేగా లెక్క వేయాల్సిందే.

ఊరి పన్ను అంటే గుర్తొచ్చింది. న్యూజెర్సీలో 6.625 శాతం. కాలిఫోర్నియాలో మొదలే 7.25, కొన్ని ఊళ్లలో ఇంకా ఎక్కువ. డెలావేర్, ఒరెగాన్, న్యూహాంప్‌షైర్, మోంటానాల్లో రాష్ట్ర సేల్స్ ట్యాక్సే లేదు. న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు పెద్ద వస్తువు కొనాలంటే డెలావేర్‌లోని క్రిస్టియానా మాల్‌కు కారేసుకుని పోయేది ఇందుకే. మీ బావ అటువైపు ఉంటే లెక్క ఇంకాస్త బాగుంటుంది.

(మ్యాప్. దుబాయ్, లండన్ మీదుగా కెమెరా జరుగుతుంది.)

దుబాయ్ సంగతి కూడా అడుగుతారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు ప్రతి వాడలో ఒకరు అక్కడే కదా. అక్కడ వ్యాట్ 5 శాతమే. టూరిస్టుగా వెళ్లి 250 దిర్హామ్‌లకు మించి కొంటే, తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆ వ్యాట్‌లో 85 శాతం వెనక్కిస్తారు, అందులోంచి చిన్న ఫీజు పట్టుకుంటారు. ఇది టూరిస్టులకే. అక్కడే పనిచేసుకుంటున్న మీ మామకు రాదు. ఇంకోటి, అక్కడి షాపుల్లో చాలా ల్యాప్‌టాప్‌ల కీల మీద ఇంగ్లీషుతో పాటు అరబిక్ అక్షరాలు కూడా ఉంటాయి. టైపింగ్‌కు అడ్డం కాదు గానీ, రేపు అమ్మబోతే కొనేవాడు అదే సాకుగా ధర తగ్గిస్తాడు.

లండన్‌లో ఉన్న అక్కను మాత్రం ఇబ్బంది పెట్టకండి. అక్కడ వ్యాట్ 20 శాతం, మన జీఎస్టీ కంటే ఎక్కువ. షాపులో కొని తెచ్చుకునే టూరిస్టులకు దాన్ని వెనక్కిచ్చే పద్ధతిని కూడా 2021 జనవరి నుంచి తీసేశారు. పైగా అక్కడి విండోస్ ల్యాప్‌టాప్‌ల కీబోర్డు మీద డబుల్ కొటేషన్ గుర్తు, ఎట్ గుర్తు తారుమారై ఉంటాయి. పాస్‌వర్డు కొట్టిన ప్రతిసారీ అక్కను తలుచుకుంటారు.

(షంషాబాద్ ఎయిర్‌పోర్టు. రెడ్ చానెల్, గ్రీన్ చానెల్ బోర్డులు.)

సరే, కొన్నారు. తీసుకురావాలి కదా. కస్టమ్స్ అంటే జనానికి లేనిపోని టెన్షన్. రూలు తేలికే: 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. కొత్తదైనా పాతదైనా ఫర్వాలేదు, మామూలు సామాను పరిమితిలో దాన్ని లెక్కపెట్టరు.

చిక్కు "ఒక" అన్న మాట దగ్గరే. బావ ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటి, ఆయన భార్య ఆఫీసుది ఒకటి, మనకు తెస్తున్న కొత్తది మూడోది. ఇద్దరు పెద్దవాళ్లు, మూడు ల్యాప్‌టాప్‌లు. పక్కన ఆరేళ్ల పాప ఉన్నా ఆ పాప పేరు మీద ల్యాప్‌టాప్ రాదు. మూడోది మామూలు సామాను పరిమితిలోకి వస్తుంది. ఆ పరిమితి 50,000 రూపాయలుండేది, 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనలతో 75,000 అయింది. అది దాటిన విలువ మీద ఏళ్లుగా ఉన్న సుంకం, సర్‌చార్జితో కలిపి 38.5 శాతం. 97,000 విలువైన ల్యాప్‌టాప్ అయితే పైనున్న 22,000 మీద 8,470 కట్టాలి. పెట్టెల్లో ఉన్న అందరి గిఫ్టులు, పెర్ఫ్యూములు కూడా ఆ 75,000లోనే సర్దుకోవాలని మరిచిపోకండి. "నా పరిమితి సరిపోలేదు, ఆవిడ లెక్కలో మిగిలింది నాకు కలపండి" అంటే కుదరదు. ఒకరి పరిమితిని ఇంకొకరిదానికి కలపరు.

అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పి, బిల్లు చూపించండి. పెట్టె పారేసి, స్టిక్కర్ పీకేసి పాతదానిలా చేసే తెలివితేటలు కొందరు చూపిస్తుంటారు. ఒక ల్యాప్‌టాప్‌కు ఎలాగూ సుంకమే లేనప్పుడు ఆ పాట్లు ఎందుకో నాకు అర్థం కాదు.

కొరియర్‌లో పంపించమంటే మాత్రం ఈ మినహాయింపు వర్తించదు, పన్ను కట్టాల్సిందే. 2023 ఆగస్టులో ల్యాప్‌టాప్ దిగుమతులకు లైసెన్సు ఉండాలని కేంద్రం ప్రకటించినప్పుడు కూడా "ఇక బావ తేలేడంట" అని వాట్సాప్‌లో తెగ తిరిగింది. అది వ్యాపార దిగుమతుల గురించి. ప్రయాణికుల సామానును అందులో కలపనేలేదు.

బావకు ఇంకో మాట చెప్పండి: ల్యాప్‌టాప్ చేతి బ్యాగులోనే పెట్టుకోమనండి. కింద చెక్‌ఇన్ సామానులో వేయొద్దు, లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది. విమానాల్లో అనుమతి అడగకుండా తీసుకెళ్లగలిగే బ్యాటరీ 100 వాట్ అవర్ల వరకే. పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ 99.9 దగ్గర ఎందుకు ఆగిపోతుందా అని నేను చాలాకాలం అనుకునేవాణ్ని. ఇదే కారణం.

(కెమెరా దగ్గరికి వస్తుంది. పాత ల్యాప్‌టాప్ తెర మీద నిలువుగా ఒక ఆకుపచ్చ గీత.)

ఇప్పుడు నా కథ. దీన్ని కొన్నేళ్ల కిందట ఒక ఫ్రెండ్ అమెరికా నుంచి తెచ్చాడు. విండోస్ ల్యాప్‌టాప్, థ్యాంక్స్‌గివింగ్ మర్నాటి బ్లాక్ ఫ్రైడే ఆఫర్‌లో దొరికింది. ఇక్కడి ధరతో పోలిస్తే 14,000 మిగిలింది. చూసిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పాను. ఎనిమిదో నెలలో తెర మీద ఈ గీత వచ్చింది. ఏడాది వారంటీ ఉంది కదా అని ధీమాగా సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. కౌంటర్‌లో అబ్బాయి సీరియల్ నంబర్ కొట్టి, తల అడ్డంగా ఊపాడు. "సార్, ఈ మోడల్ ఇండియాలో అమ్మలేదు. వారంటీ కొన్న దేశంలోనే."

చివరికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీ అనే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌లో తెర మార్పించాను. ఇక్కడ అమ్మని మోడల్ కాబట్టి తెర తెప్పించడానికే మూడు వారాలు పట్టింది. ఖర్చు 11,500. ఆ తర్వాత 14,000 కబుర్లు మానేశాను.

కాబట్టి కొనేముందు చూడాల్సింది ధర ఒక్కటే కాదు. ఆపిల్ మ్యాక్‌లకు ఉండే ఏడాది వారంటీ ఏ దేశంలో కొన్నా ఇక్కడ సాధారణంగా చెల్లుతుంది. విండోస్‌లో కంపెనీని బట్టే కాదు, మోడల్‌ను బట్టి కూడా మారుతుంది. ఆఫీసుల కోసం చేసే థింక్‌ప్యాడ్ లాంటి వాటికి అంతర్జాతీయ వారంటీ ఎక్కువగా ఉంటుంది, ఇంటివాడకం మోడళ్లకు చాలాసార్లు ఉండదు. కొన్ని కంపెనీల్లో వెబ్‌సైట్‌లో ఫారం నింపి దేశం మార్పించుకోవాలి, దానికి బిల్లు అడుగుతారు. బావ పేరు మీద, బావ ఈమెయిల్‌లో ఉన్న బిల్లును ఎనిమిది నెలల తర్వాత వెతకమంటే బావ ఏమంటాడో మీకే తెలుసు.

వాపసు ఇవ్వడం కూడా అంతే. అక్కడి షాపులు తిరిగి తీసుకోవడానికి రెండు వారాలో, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువో గడువిస్తాయి. కానీ పెట్టె ఖమ్మంలో తెరిస్తే ఆ గడువుతో ఏం లాభం?

పిన్ను గురించి ఎక్కువ చెప్పను. అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని రాసి ఉంటే చాలు, మన 230 వోల్టులకు పనిచేస్తుంది. గోడకు పెట్టే తీగ ఒక్కటి మారిస్తే సరి, కంప్యూటర్ షాపుల్లో దొరుకుతుంది. మూడు పిన్నులదే తీసుకోండి. ఎర్త్ లేని రెండు పిన్నుల కన్వర్టర్ పెడితే, లోహపు బాడీ మీద చెయ్యి వేసినప్పుడు చిన్నగా జిల్లుమంటుంది.

సొంత వ్యాపారమో ఫ్రీలాన్సో చేస్తూ జీఎస్టీ నంబర్ ఉన్నవాళ్లకు ఒక మాట. ల్యాప్‌టాప్ పని కోసమే, మీరు మామూలు పద్ధతిలో జీఎస్టీ కడుతున్నారంటే, ఇక్కడ కొన్నదాని మీద కట్టిన 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవచ్చు. డాలస్ బిల్లు మీద ఒక్క రూపాయి కూడా రాదు. వీళ్లకు బావ అక్కర్లేదు, మంచి ఆడిటర్ చాలు.

ఇంతకీ మా తమ్ముడి బడ్జెట్ ఎంతో తెలుసా? 65,000. ఆ ధరలో విండోస్ ల్యాప్‌టాప్‌లకు ఇక్కడ పండగ సేల్‌లో బ్యాంకు కార్డు తగ్గింపు, వడ్డీ లేని ఈఎంఐ వస్తాయి, పాడైతే ఖమ్మంలోనే ఎవరో ఒకరు బాగుచేస్తారు. అందుకని వాణ్ని ఇక్కడే కొనమన్నాను. నాకు మాత్రం ఎడిటింగ్‌కు ప్రో కావాలి. పైన చెప్పిన అప్పటి పాతిక వేల తేడా నన్ను ఇంకా ఊరిస్తూనే ఉంది.

(స్క్రీన్ మీద వాట్సాప్ మెసేజ్, ఒక్కో వాక్యం కనిపిస్తుంది.)

"బావా, మోడల్ నంబర్ కింద పంపాను, సరిగ్గా అదే తీసుకో. బిల్లు నా పేరు మీద వేయించి ఇవాళే ఫోటో పంపు. పెట్టె అక్కడే తెరిచి, ఒక రోజంతా వాడి చూడు. కింద సామానులో వేయకు. నీది, అక్కది ఆఫీసు ల్యాప్‌టాప్‌లు రెండూ తెస్తున్నారా, ఒకటేనా? ఒకటైతేనే కొను. డబ్బులు అత్తమ్మ ఖాతాలో వేశాను."