ఆంటీజీ తేరే మేరే బీచ్ మే అంటే మా అమ్మ ఏ తీగ పువ్వునో అంది | కాల్గరీ వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా, ఇక్కడ కాల్గరీలో పొద్దున్నే మైనస్ 18 చూపిస్తోంది ఫోన్‌లో, ఇదిగో కిటికీ బయట చూడండి, మా డ్రైవ్‌వే ఎక్కడుందో కనపడట్లేదు, మా ఆయన రెండోసారి స్నో తీయడానికి వెళ్లాడు. అమ్మ వైజాగ్ నుంచి వచ్చి మూడు నెలలైంది. మొన్న అమ్మతో సూపర్‌స్టోర్‌కి వెళ్లిన వ్లాగ్‌కి చాలామంది అమ్మని ఇంకా చూపించండి అన్నారు కదా, ఈరోజు వీడియో మొత్తం అమ్మే, అమ్మా మా పక్కింటి ఆంటీజీనూ, ఇంకా ఒక పాట. పాట అంటే ఒకటి కాదు, రెండు సినిమాల పాటలు, చెప్తా ఉండండి.

ఆంటీజీ వాళ్లది లుధియానా, ఇక్కడికి వచ్చి చాలా ఏళ్లు, ఈ నార్త్ ఈస్ట్ వైపు మా వీధిలో సగం ఇళ్లు పంజాబీ వాళ్లవే. ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు, అమ్మకి హిందీ అంటే టీవీలో విన్న అచ్ఛా, ఠీక్ హై, అంతే. అమ్మ వచ్చిన కొత్తలో ఇద్దరూ ఎదురుపడితే నవ్వుకుని చేతులు జోడించుకుని ఎవరింట్లోకి వాళ్లు వెళ్లిపోయేవాళ్లు, నాకు బాధేసేది, ఎందుకంటే మేమిద్దరం ఆఫీసులకి వెళ్లిపోతే అమ్మకి రోజంతా ఇంట్లో మాట్లాడే మనిషే లేదు, బయటికి నడుద్దామన్నా ఈ ఐసు మీద భయం.

శనివారం ఆంటీజీని భోజనానికి పిలిచాం. ఆవిడ వస్తూ వస్తూ సర్సోం కా సాగ్, అదే పంజాబీ వాళ్ల ఆవాకు కూర, ఒక స్టీలు గిన్నె నిండా పట్టుకొచ్చారు, పైన వెన్న ముద్ద ఇంకా కరగలేదు, చూడండి క్లిప్‌లో. అమ్మ ఇటు పులిహోర కలుపుతోంది, చింతపండు పులుసు అన్నంలో వేసేసింది, మూకుడులో నూనె కాగింది, ఆవాలు చిటపటమన్నాయి, శనగపప్పు, మినప్పప్పు, వేరుశనగలు, ఎండుమిర్చి, ఇంగువ, చివర్లో ఇండియన్ స్టోర్‌లో తెచ్చిన కరివేపాకు. ఆ వాసనకి ఆంటీజీ లేచొచ్చి స్టవ్ పక్కన నిలబడి, మూకుడులోకి చూస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నారు. అమ్మ గరిటె ఆపేసింది.

"ఏటే ఆవిడ పాడతంది? ఇది మన బాలూ పాట కదూ?"

ఆంటీజీ పాడుతున్నది తేరే మేరే బీచ్ మే. 1981లో వచ్చిన ఏక్ దూజే కే లియే సినిమాలోది. మన మరోచరిత్రకి హిందీ రీమేక్ అది, రెండూ కె.బాలచందర్ గారే తీశారు, రెండింట్లోనూ కమల్ హాసనే హీరో, హిందీది నిర్మించిన ఎల్.వి.ప్రసాద్ గారు మన ఏలూరు దగ్గర సోమవరప్పాడు ఊరాయన. నేను ఇదంతా ఆంటీజీకి హిందీలో చెప్తుంటే ఆవిడ నమ్మలేదండీ, ఇది తెలుగు సినిమానా, ఆ పాట పాడినాయన తెలుగాయనా అని, ఆవిడ దృష్టిలో బాలుగారంటే మైనే ప్యార్ కియాలో సల్మాన్ గొంతు, ఆ గొంతు ఎక్కడిదో ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆలోచించలేదట. అప్పుడు అమ్మ, మా అమ్మ పెద్దగా పాడే మనిషి కాదు, పెళ్లిళ్లలో కూడా వెనకాల కూర్చునే రకం, మూకుడు కింద పెట్టి ఏ తీగ పువ్వునో ఏ కొమ్మ తేటినో అని మొదలుపెట్టింది. నాకు ఒళ్లు జలదరించింది, అందుకే కెమెరా కొంచెం ఊగింది, ఏమనుకోకండి.

మరోచరిత్ర 1978లో వచ్చింది, అప్పటికి అమ్మ ఇంటర్ ఫస్టియర్. సినిమా అంతా మా వైజాగ్, భీమిలి, ఆ బీచులు, ఆ గుట్టలు, అది కూడా బ్లాక్ అండ్ వైట్‌లో. రోజూ చూసే సముద్రమే కదా, తెర మీద చూస్తుంటే మన ఊరు ఇంత అందంగా ఉంటాదా అనిపించిందే అంటుంది అమ్మ. కథ మీకు తెలిసిందే, పక్కపక్క ఇళ్లు, అబ్బాయి తమిళం, అమ్మాయి తెలుగు, పెద్దవాళ్లు ఒప్పుకోక ఏడాది పాటు కలవకూడదని షరతు. హిందీలో దాన్ని గోవాకి తీసుకెళ్లి అబ్బాయిని తమిళమే ఉంచి అమ్మాయిని హిందీ అమ్మాయిని చేశారు, సరిత గారి పాత్రలో రతీ అగ్నిహోత్రి.

అయితే కథ వెళ్లింది గానీ ట్యూన్లు వెళ్లలేదు, నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. తెలుగులో ఎం.ఎస్.విశ్వనాథన్ గారి సంగీతం, ఆత్రేయ గారి మాట, హిందీలో లక్ష్మీకాంత్ ప్యారేలాల్, రాసింది ఆనంద్ బక్షీ. మామూలుగా రీమేక్ అంటే ఉన్న ట్యూన్‌లో వేరే భాష మాటలు కుక్కేస్తారు, నోరు తిరగదు, వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, లేదంటే పాత పాటల ఊసే లేకుండా సంబంధం లేనివి పెట్టేస్తారు. వీళ్లు రెండూ చేయలేదు, పాట పుట్టే సందర్భాన్ని పట్టుకెళ్లి అక్కడి నేలలో మళ్లీ నాటారు. శనివారం రాత్రి భోజనాలయ్యాక మేం ముగ్గురం సోఫాలో కూర్చుని ఒక పాట ఇటు ఒక పాట అటు పెట్టుకుని విన్నాం, నేను మధ్యలో కూర్చుని అటు తెలుగుని హిందీ చేస్తూ ఇటు హిందీని తెలుగు చేస్తూ, రెండు గంటలు, టీ రెండు సార్లు పెట్టాను.

ముందు ఆ పాటే వినండి. ఏ తీగ పువ్వునో ఏ కొమ్మ తేటినో కలిపింది ఏ వింత అనుబంధమౌనో అంటారు ఆత్రేయ గారు. బక్షీ గారు తేరే మేరే బీచ్ మే కైసా హై యే బంధన్ అంజానా అన్నారు, నీకూ నాకూ మధ్య ఈ తెలియని బంధం ఏమిటో అని. పువ్వు లేదు, తుమ్మెద లేదు, కానీ ఆ అనుబంధం, ఆ వింత, రెండూ ఉన్నాయి. దీన్ని అనువాదం అనలేం, కాపీ అసలే అనలేం. ఈ పాటకే బక్షీ గారికి ఫిల్మ్‌ఫేర్ వచ్చింది, బాలుగారికి నేషనల్ అవార్డు వచ్చింది, శంకరాభరణం తర్వాత ఆయనకి అది రెండోది.

మన పాటలో ఇంకో ముచ్చట ఉంది, సుశీలమ్మ పాడుతుంటే మధ్యలో కమల్ గొంతు అప్పడినా అని అడుగుతుంది, అంటే తమిళంలో అలా అంటే ఏమిటీ అని, దానికి అమ్మాయి అర్థం కాలేదా అంటుంది. అక్కడ నేను పాట ఆపి ఆంటీజీకి చెప్పాను, అబ్బాయికి ఆ మాటలు అర్థం కావట్లేదు, అమ్మాయి అడుగుతోంది సమఝ్ నహీ ఆయా అని. ఆంటీజీ అమ్మ వైపు చూశారు, అమ్మ ఆవిడ వైపు చూసింది, ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు చూడండి, మూడు నెలలుగా వీళ్లిద్దరి పరిస్థితి అదే కదా.

తర్వాత ఇంకోటి, ఇది నాకు కూడా శనివారమే తట్టింది, ఇన్నాళ్లూ రెండు పాటలూ వింటున్నా పక్కపక్కన పెట్టి వినలేదు. జానకమ్మ పాడిన పదహారేళ్లకు నీలో నాలో పాట గుర్తుందా, ఆ వయసు చేసే చిలిపి పనులకి కోటి దండాలు పెడుతుంది. హిందీలో లతాజీ పాడిన పాట సోలా బరస్ కీ బాలీ ఉమర్ కో సలామ్. పదహారేళ్లు సోలా బరస్ అయింది, దండాలు సలామ్ అయ్యాయి! వాన వెలిసిన తర్వాత ఇసకలో నడిచినట్టుంటుంది జానకమ్మ పాట, లతాజీ పాట వేరే, అది దూరం నుంచి వచ్చే ఉత్తరం లాంటిది, ట్యూన్‌లో ఎక్కడా పోలిక లేదు. అయినా రెండూ వయసుకి దండం పెడుతున్నాయి. లిఫ్టులో సినిమా పేర్లతో పాడే పాట కూడా అంతే, ఇక్కడ కలిసి ఉంటే కలదు సుఖం అని తెలుగు సినిమాల పేర్లు, అక్కడ మేరే జీవన్ సాథీ అని హిందీ సినిమాల పేర్లు. సినిమా పేర్లని ఎవరూ అనువాదం చేయలేరు కదా, అందుకే మొత్తం కొత్తగా రాసుకున్నారు. అమ్మ తెలుగు పాటలో పేర్లు వేళ్ల మీద లెక్కపెడుతుంటే ఆంటీజీ హిందీ పాటలో పేర్లు లెక్కపెట్టారు, ఇద్దరికీ లెక్క తప్పింది, మళ్లీ మొదటి నుంచి పెట్టించారు.

బాలుగారి గురించి ఒక్కటి చెప్పి తీరాలి. హిందీలో ఆయన చేత పాడిద్దామంటే మొదట లక్ష్మీకాంత్ గారికి సందేహం వచ్చిందట, దక్షిణాది మనిషి, ఉచ్చారణ ఎలా ఉంటుందో అని. బాలచందర్ గారు ఏమన్నారంటే, నా హీరో హిందీ సరిగా రాని తమిళ కుర్రాడు, పాటలో ఆ యాస కొంచెం తగిలినా పాత్రకి మంచిదే అని పట్టుబట్టారట. బాలుగారే ఈ సంగతి చెప్పుకునేవారు. నాకు ఇది ఎందుకు ఇంత ఇష్టమంటే, నేను ఇక్కడ ఆఫీసులో మొదటి ఏడాది మీటింగుల్లో నోరు విప్పాలంటే నా యాస గురించే భయపడేదాన్ని, ఒకావిడ నేను మాట్లాడిన ప్రతిసారీ ఇంకోసారి చెప్పు అనేది, రాత్రిళ్లు అద్దం ముందు ప్రాక్టీస్ చేసేదాన్ని. యాస ఉన్నా పర్లేదు, ఆ మనిషి గొంతే కావాలి అని అన్నవాడొకడు ఉన్నాడు కదా అని తలుచుకుంటే ఇప్పటికీ ధైర్యంగా ఉంటుంది. ఇంతకీ వింటే ఆ పాటల్లో తప్పు పట్టడానికి ఏముందండీ, ఆ సాడ్ వెర్షన్‌లో ఆయన ఒక్కరే పాడింది వినండి, ఆంటీజీ కళ్లు తుడుచుకున్నారు, అది నేను రికార్డ్ చేయలేదు, చేయాలనిపించలేదు.

ఏది బాగుంది అని మీరు అడుగుతారని తెలుసు. ఆంటీజీకి హిందీది, అది ఆవిడ వయసులో ఆవిడ విన్న పాట. నా మటుకు ఏ తీగ పువ్వునో ఒక మెట్టు పైనే, సుశీలమ్మ గొంతు వెనకాల ఆ సముద్రం ఉందన్నట్టే వినపడుతుంది, తెలుగు తెలియనివాడికి తెలుగులో పాడి వినిపించే పాట ఇంకోటి చూపించండి. కానీ అబ్బాయి బాధ వినాలంటే మాత్రం హిందీ దగ్గరికే వెళ్తాను, అక్కడ బాలుగారికి దొరికిన చోటు తెలుగులో దొరకలేదు.

బాలుగారు 2020లో, లతాజీ 2022లో వెళ్లిపోయారు. అమ్మకి ఆ రోజులు రెండూ గుర్తున్నాయి, బాలుగారి వార్త వచ్చినప్పుడు నాకు ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా పెట్టేసింది, కోవిడ్ రోజులు, నేను వెళ్లలేను, అమ్మ రాలేదు.

సరే, ఈరోజు పొద్దున్న సంగతి చూపించి ఆపేస్తాను. అమ్మ మంకీ క్యాప్ పెట్టుకుని గుమ్మం దాకా వచ్చింది, అటు ఆంటీజీ వాళ్ల గుమ్మం ముందు ఉప్పు చల్లుతున్నారు, ఈ ఐసు కరగడానికి చల్లుతారు కదా, అది. అమ్మ తెలుగులోనే, చలిలో బయట తిరక్కండి, లోపలికి పొండి, పులిహోర మిగిలింది పంపిస్తాను అని చేతులు తిప్పుతూ గట్టిగా చెప్తోంది. ఆంటీజీ పార కింద పెట్టి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, పాటలో ఎలా ఉందో అచ్చం అలాగే అన్నారు.

"అప్పడినా?"

అమ్మ నవ్వి, "అర్థం కాలేదా?" అని, డబ్బా తేవడానికి లోపలికి వచ్చింది.