అమ్మ మోకాళ్లతో ఢిల్లీ: ఏది చూడాలి, ఏది వదిలేయాలి

నమస్తే అండీ. ఢిల్లీ మీద వీడియోలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. మళ్లీ ఇదెందుకంటే, ఎక్కడ ఎంత నడవాలి, ఎన్ని మెట్లెక్కాలి, కూర్చోడానికి నీడ ఉందా అన్నది వాటిలో చెప్పట్లేదు. మా అమ్మకు 66 ఏళ్లు. రెండు మోకాళ్లూ నొప్పులే. ఫిబ్రవరిలో కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మర్నాడు పొద్దున న్యూఢిల్లీలో దిగాం. కాబట్టి ఈ రివ్యూ నాది కాదు, అమ్మ మోకాళ్లది.

ముందు మేం చేసిన తప్పు చెప్తా. "ఒక్క రోజులో మొత్తం ఢిల్లీ" అంటే నమ్మి బస్సు టూరు బుక్ చేశాం. ఏజెంటు పేరు వద్దులెండి. ఆ రోజు సోమవారం. సోమవారం ఎర్రకోటకు సెలవు, లోటస్ టెంపుల్‌కు సెలవు, అక్షరధామ్‌కూ సెలవే! డబ్బులు కట్టించుకునేటప్పుడు ఈ ముక్క ఎవరూ అనలేదు. కోట ముందు పది నిమిషాలు బస్సు ఆపి ఫొటోలు దిగమన్నారు. "పెండ్లికి వోయి పందిరి చూసొచ్చినట్టుంది బిడ్డా" అంది అమ్మ.

మర్నాటి నుంచి బస్సు బంద్, మెట్రోనే. లిఫ్టులున్నాయి, అమ్మకు హాయి. కాకపోతే మొదటి బోగీ ఆడవాళ్లది. అమ్మ అందులో కూర్చుంటే నేను రెండో బోగీ అంచున నిలబడి, స్టేషన్ వచ్చినప్పుడల్లా తల చాపి చూసుకోవడమే. ఎక్కడ దిగిపోతుందో అని ఒకటే టెన్షన్. సాయంత్రం పూట రాజీవ్ చౌక్‌లో మాత్రం పెద్దవాళ్లతో రైలు మారకండి. ఆ తోపులాట వాళ్ల వల్ల కాదు.

కుతుబ్ మీనార్. స్టేషన్ పేరు కూడా అదే కదా అని నడవకండి, ఆటో ఎక్కండి. 73 మీటర్ల మీనార్, లోపల 379 మెట్లు. అమ్మ తల పైకెత్తి, "ఎక్కాల్నారా?" అంది. ఎక్కనియ్యరు అంటే "హమ్మయ్య" అంది. ఎందుకని అడిగితే చెప్పాను: 1981లో లోపల తొక్కిసలాట జరిగి 45 మంది చనిపోయారు, చాలామంది బడిపిల్లలు. అప్పటి నుంచి మూసేశారు. ఆ తర్వాత కాసేపు మాట్లాడలేదు.

అమ్మ ఎక్కువసేపు నిలబడింది మీనార్ దగ్గర కాదు, పక్కనున్న పాత మసీదు స్తంభాల దగ్గర. 27 గుళ్ల రాళ్లతో దాన్ని కట్టారని అక్కడి శాసనంలోనే ఉంది. ఇదిగో, ఈ స్తంభం దగ్గరగా చూడండి. పైనుంచి గొలుసు, గొలుసు చివర గంట, అన్నీ రాతిలోనే. అమ్మ హనుమకొండలో వేయిస్తంభాల గుడి ముందు నుంచే బడికి పోయేదట. ఆ గంట మీద వేలు పెట్టబోయి, గార్డు చూస్తున్నాడని వెనక్కి తీసుకుంది.

అదే ఆవరణలో ఇనుప స్తంభం. గుప్తుల కాలం నాటిది, ఆరు టన్నులకు పైనే బరువు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ ఉండటంతో పైన సన్నటి పొర ఏర్పడి తుప్పును ఆపుతోంది. 1600 ఏళ్లుగా అలాగే ఉంది. మా ఇంటి గేటు మూడేళ్లకే తుప్పు పట్టిందనుకోండి, అది వేరే కథ.

హుమాయూన్ సమాధి అందంగా ఉంటుంది. కానీ అరుగు మీదికి వెళ్లే మెట్లు బాగా నిటారుగా ఉన్నాయి. అమ్మను కింద చెట్టు నీడన కూర్చోబెట్టి నేనొక్కణ్నే వెళ్లొచ్చా.

ఇండియా గేట్ పక్కన నేషనల్ వార్ మెమోరియల్ తప్పకుండా చూడండి. 2019లో తెరిచారు, టికెట్ లేదు. గోడల్లో ఒక్కో పలకకు ఒక్కో జవాను పేరు. అమ్మ కళ్లజోడు సర్దుకుని వరుసగా చదువుకుంటూ పోయింది. "రావు" అని కనిపించిన చోటల్లా ఆగింది.

అక్కణ్నుంచి కర్తవ్య పథ్ మీద రాష్ట్రపతి భవన్ వైపు వెళ్తే ఒక వింత జరుగుతుంది. దూరం నుంచి గుమ్మటం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. విజయ్ చౌక్ దగ్గరికొచ్చేసరికి కొండ వాలు అడ్డమొచ్చి కిందికి దిగిపోతుంది. "ఇందాకటి ఇల్లేదిరా?" అంది అమ్మ. భవనం కట్టిన లుటియెన్స్‌కూ, పక్కన సచివాలయం కట్టిన బేకర్‌కూ ఈ వాలు మీదే గొడవై మాటలు పోయాయి. మా అమ్మ లుటియెన్స్ పక్షం.

మధ్యాహ్నం ఆంధ్రా భవన్ క్యాంటీన్. రెండ్రోజులు పరాఠాలు తిన్నాక పప్పు, పొడి, నెయ్యి. ఇక్కడ రివ్యూ ఏం ఉండదు, అడిగిన కొద్దీ వడ్డిస్తారు.

గురువారం మళ్లీ ఎర్రకోట. ఈసారి తీసే ఉంది. లోపల నడక ఎక్కువ, మధ్యమధ్యలో కూర్చుంటూ వెళ్లాం. అంత దూరం నడిచి దివాన్-ఎ-ఖాస్ చేరితే, నెమలి సింహాసనం ఉండాల్సిన చోటు ఖాళీ. 1739లో నాదిర్ షా ఎత్తుకెళ్లాడు, దాంతోపాటే కోహినూర్ కూడా. ఆ వజ్రం కాకతీయులదేనని మా ఓరుగల్లులో ఎవర్నడిగినా చెప్తారు. "మనది మనకు చూపియ్యకుండ ఇంత దూరం నడిపిస్తిరి" అంది అమ్మ.

బయటికొచ్చి రిక్షాలో చాందినీ చౌక్ ఆ చివరకు, ఖారీ బావ్లీ. మసాలాల మార్కెట్. సందు మొదట్లోనే ఇద్దరికీ దగ్గు, తుమ్ములు. మూటలు మోసేవాళ్లకు దారిస్తూ గోడకు ఆనుకుని నడవాలి. పెద్దవాళ్లకు అస్సలు వద్దని చెప్దామనుకున్నా. కానీ అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏనుమాముల మార్కెట్ల ఉన్నట్టే ఉంది" అంటూ నాకంటే ముందు నడిచింది. ఏనుమాముల అంటే మా వరంగల్ మిర్చి మార్కెట్ లెండి. ఓ కొట్టు ముందు ఆగి, ఎండుమిర్చి తుంచి గింజలు చూసి, సగం హిందీ సగం తెలుగులో బేరమాడి పావుకిలో కట్టించింది. ఢిల్లీ నుంచి వరంగల్‌కు మిర్చి మోసుకొచ్చిన ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది.