రిపోర్టు ఎంత స్పీడుగా వచ్చిందో చూడండి, ఎవరిని తిట్టిందో చదవక్కర్లేదు!

నమస్తే. ఈ రోజు ఒక్కటే మాట చెప్తాను. నచ్చకపోతే కింద తిట్టుకోండి, చదువుతాను. ప్రభుత్వ పనితీరు మీద శాసనసభకు ఏ రిపోర్టు వచ్చినా, లోపల ఏముందో చూడక్కర్లేదు. అది ఎంత స్పీడుగా సభలోకి వచ్చిందో చూస్తే చాలు. పాత ప్రభుత్వాన్ని ఉతికిందా, ఇప్పుడు కుర్చీలో ఉన్నవాళ్లను ఉతికిందా, ఇట్టే తెలిసిపోతుంది.

ఎక్కువ చేస్తున్నానా? సరే, తేదీలు చూద్దాం.

కాళేశ్వరం. తెలంగాణలో గత బీఆర్ఎస్ ప్రభుత్వం గోదావరి మీద కట్టిన ఎత్తిపోతల ప్రాజెక్టు. మిగతా కథంతా మీకు కంఠతా వచ్చు, మళ్లీ మొదలుపెట్టను. దాని మీద విచారణకు తర్వాత వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం కమిషన్ వేసింది. జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ 2025 జూలై 31న ప్రభుత్వానికి రిపోర్టు ఇచ్చింది. ఆగస్టు 31న అది సభలో ఉంది. నెల రోజులు! ఆ రోజు ఆదివారం కూడా. సెలవు రోజు సభ పెట్టారు, ఆరు వందల పైచిలుకు పేజీలు సభ ముందు పెట్టారు, అదే రోజు చర్చ పెట్టారు, అర్ధరాత్రి దాటాక విచారణ సీబీఐకి ఇస్తున్నామని ప్రకటించారు. కమిషన్ చెప్పింది తప్పని నేను అనట్లేదు. ఆ స్పీడు చూడమంటున్నాను. మన ప్రభుత్వాలకు ఇంత ఓపిక, ఇంత చురుకు ఉందని ఆ రాత్రే తెలిసింది నాకు.

ఇప్పుడు ఢిల్లీకి రండి. అక్కడ ఆప్ ప్రభుత్వం మీద కాగ్, అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ, ఇచ్చిన రిపోర్టులు ఒకటి కాదు, రెండు కాదు, 14 సభకు రాకుండా ఆగిపోయాయి. ప్రతిపక్షం కోర్టుకు వెళ్లింది. 2025 జనవరిలో హైకోర్టు జాప్యాన్ని తప్పుపట్టింది. అయినా కదలలేదు. ఫిబ్రవరి 8న ఎన్నికల ఫలితాలొచ్చాయి, ప్రభుత్వం మారింది. ఫిబ్రవరి 25న మద్యం పాలసీ రిపోర్టు సభలో ప్రత్యక్షం! రెండు వేల కోట్లకు పైగా నష్టమని అందులో లెక్క. మూడు రోజులకే ఆసుపత్రుల మీద రిపోర్టు కూడా వచ్చేసింది. కాగితం అదే, అక్షరం మారలేదు. మారింది కుర్చీలో మనిషి.

ఆప్‌ను తిడుతున్నానని బీజేపీ ఫ్యాన్స్ లైక్ కొట్టేయకండి, ఆగండి. ఈ జబ్బుకు పార్టీ లేదు.

అసలు ఇది ఎలా కుదురుతోంది? రాజ్యాంగం 151వ అధికరణం. రాష్ట్ర ఖాతాల మీద కాగ్ రిపోర్టు గవర్నర్‌కు ఇస్తుంది, గవర్నర్ దాన్ని శాసనసభ ముందు పెట్టించాలి. ఎన్నాళ్లలో? రాయలేదు! ఆ ఖాళీలోనే ఆటంతా నడుస్తోంది. అలాగని మనవాళ్లకు గడువు రాయడం చేతకాదా? ఆర్డినెన్స్ సంగతి చూడండి. సభ మళ్లీ కూర్చున్నాక ఆరు వారాల్లో ఆమోదం రాకపోతే చచ్చిపోతుంది. విచారణ కమిషన్ల చట్టం 1952 చూడండి. రిపోర్టు అందిన ఆరు నెలల్లోపు, ఏం చర్య తీసుకున్నారో చెప్పే నోట్‌తో సహా సభలో పెట్టాలి. అంటే ప్రభుత్వం తాను వేసుకున్న కమిషన్‌కు గడువుంది. ప్రభుత్వాన్ని తనిఖీ చేసే కాగ్‌కు లేదు. ఇది మరపు అంటే నేను నమ్మను. మీరు నమ్ముతారా?

ఇంకో తమాషా. సభలో పెట్టేదాకా కాగ్ ఆ రిపోర్టును జనానికి చూపించదు. అంటే ప్రభుత్వం దాని మీద కూర్చుంటే మీకూ నాకూ అందులో ముక్క తెలియదు. ఇంట్లో పిల్లాడి ప్రోగ్రెస్ కార్డు పిల్లాడి చేతికే ఇచ్చి, నాన్నకు ఎప్పుడు చూపిస్తావో నీ ఇష్టం రా అన్నట్టు.

సరే, పెట్టారే అనుకుందాం. ఎప్పుడు పెడతారు? చాలాసార్లు సమావేశాల చివరి రోజు. ఎలా పెడతారో ఒకసారి అసెంబ్లీ లైవ్ చూడండి. మంత్రి లేస్తారు. "అధ్యక్షా, తమ అనుమతితో" అని మొదలుపెట్టి, ఫలానా సంవత్సరపు ఫలానా రిపోర్టు సభకు సమర్పిస్తున్నాను అంటారు. కూర్చుంటారు. అంతే. అదే రోజు సభ నిరవధిక వాయిదా. వందల పేజీలు ఎవరు చదవాలి, ఎప్పుడు అడగాలి?

చదవడానికి ప్రజా పద్దుల కమిటీ, పీఏసీ ఉంది కదా అంటారు. ఉంది. ప్రతిపక్షానికి ఆ ఛైర్మన్ పదవి ఇవ్వడం ఆనవాయితీ, లోక్‌సభలో 1967 నుంచీ నడుస్తోంది. మన దగ్గర? తెలంగాణలో 2024లో అరికపూడి గాంధీకి ఇచ్చారు. ఆయన కాంగ్రెస్‌లోకి వెళ్లిపోయారని బీఆర్ఎస్, కాదు కాదు మీవాడేనని అధికారపక్షం. ఆ గొడవ ఇళ్ల మీద దాడుల దాకా వెళ్లింది, చూశారుగా. ఆంధ్రలో అదే ఏడాది జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు ఛైర్మన్ అయ్యారు. జనసేన ప్రభుత్వంలో భాగస్వామి! వైసీపీకి 11 మందే ఉన్నారు, బలం లేదు అన్నారు. రూల్ ప్రకారం ఓకే. కానీ వంటవాడి కూరకు వంటవాడి తమ్ముడే మార్కులు వేస్తానంటే నవ్వు రాదా?

రిపోర్టు ఆలస్యమైతే ఏమవుతుందో మళ్లీ కాళేశ్వరంలోనే చూడండి. దాని మీద కాగ్ రిపోర్టు 2024 ఫిబ్రవరి 15న సభకు వచ్చింది. 81,911 కోట్లన్న ఖర్చు 1,47,427 కోట్లు దాటొచ్చని, రూపాయి పెడితే 52 పైసలే వస్తుందని అందులో ఉంది. ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగింది 2023 అక్టోబరులో. ఆ 52 పైసల లెక్క సభకు ఎప్పుడు అందాలి? ప్రాజెక్టుకు సంతకాలు పెట్టేటప్పుడు!

కాగ్ ఒక్కటే కాదు. మీ కరెంటు బిల్లులో సర్దుబాటు చార్జీ అని ఒక లైన్ ఉంటుంది కదా. అలాంటివి వసూలు చేసే పద్ధతి ఈఆర్సీ, అంటే విద్యుత్ నియంత్రణ మండలి, రెగ్యులేషన్లలో ఉంటుంది. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 182 ప్రకారం ప్రతి రెగ్యులేషన్‌నూ శాసనసభ ముందు పెట్టాలి. సెక్షన్ 105 ప్రకారం ఈఆర్సీ వార్షిక నివేదిక కూడా పెట్టాలి. మీ ఎమ్మెల్యే వాటిలో ఒక్క పేజీ మీద లేచి మాట్లాడటం ఎప్పుడైనా విన్నారా? బిల్లు చూసి రోడ్డెక్కి ధర్నా చేస్తారు, రూలు సభకు వచ్చిన రోజు మాత్రం క్యాంటీన్‌లో ఉంటారు.

నా డిమాండ్ సింపుల్. కాగ్ రిపోర్టు అందాక వచ్చే మొదటి సమావేశాల మొదటి వారంలో సభలో పెట్టాలి. పెట్టకపోతే ఆ వారం ముగిసిన మర్నాడు దానంతటదే కాగ్ వెబ్‌సైట్‌లోకి వచ్చేయాలి. ఏ పార్టీ అయినా దీన్ని మేనిఫెస్టోలో పెట్టనివ్వండి, ఫ్రీగా ప్రచారం చేస్తాను. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు కాగ్ కాగ్ అని గొంతు చించుకునే నాయకులు మీకు ఎంతోమంది తెలుసు. వాళ్లలో కుర్చీ ఎక్కాక తమ మీద వచ్చిన రిపోర్టును నెలలోపు, ఆదివారం సభ పెట్టి మరీ చర్చించిన వాళ్లు ఎవరైనా ఉంటే పేరు, తేదీ కామెంట్‌లో పెట్టండి. పిన్ చేస్తాను.