కాలిన చిప్పుకు కారణం రాయించండి
(గుంటూరు బ్రాడీపేటలో పిల్లల కోసం తెరిచిన ఎలక్ట్రానిక్స్ గది ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, తమ ఇంటి కింది భాగాన్ని ఈ గది కోసం ఇచ్చిన దంపతులకు, సెలవు రోజైనా శ్రమ తీసుకొని వచ్చిన ఉపాధ్యాయులకు, ముందు వరుసలో చాపల మీద కూర్చున్న పిల్లలకు, వారిని వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు నా నమస్కారాలు. మైక్రోకంట్రోలర్ల వల్ల, అంటే వస్తువులను నడిపించే చిన్న కంప్యూటరు చిప్పుల వల్ల, యువతకు కలిగే అవకాశాల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఆ విషయం నాకంటే బాగా చెప్పగలవారు ఈ ఊళ్లోనే ఎందరో ఉన్నారు. పాతికేళ్లకు పైగా పాలిటెక్నిక్ ప్రయోగశాలల్లో పనిచేసినవాడిగా నేను చెప్పవలసిన మాట ఒకటే ఉంది. అది అదిగో, ఆ మూలన కొత్తగా తెచ్చిపెట్టిన ఇనుప బీరువా గురించి, దానికి వేసి ఉన్న తాళం గురించి.

ఆ బీరువాలో ఏమున్నాయో తల్లిదండ్రులకు ముందుగా చెబుతాను. ఆర్డుయినో ఊనో అనే బోర్డులు ఇరవై ఉన్నాయి. ఒక్కొక్క బోర్డు మీద ఏటీమెగా328పీ అనే 28 కాళ్ల చిప్పు ఉంటుంది. మనం రాసిన ప్రోగ్రామును దాచుకోవడానికి 32 కిలోబైట్లు, పని జరుగుతున్నప్పుడు లెక్కలు గుర్తుపెట్టుకోవడానికి 2 కిలోబైట్లు దానిలోనే ఉంటాయి. ఒక మీట నొక్కారా లేదా, గది ఎంత వేడిగా ఉంది, మట్టిలో తడి ఎంత ఉంది అన్నది తన కాళ్ల ద్వారా తెలుసుకొని, మనం చెప్పినట్టు ఒక దీపాన్నో మోటారునో నడిపిస్తుంది. ఈ బోర్డుల వంశం 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో మొదలైంది. దాన్ని తయారుచేసినవారు డిజైన్ విద్యార్థులను, అంటే ఎలక్ట్రానిక్స్ చదవనివారిని, దృష్టిలో పెట్టుకున్నారు. బోర్డు నమూనా చిత్రాలను దాచుకోకుండా లోకానికంతా ఇచ్చేశారు. అందుకే ఈనాడు దాని నకళ్లు మన దుకాణాల్లో కూడా తక్కువ ధరకు దొరుకుతున్నాయి. తెలియనివాడు ధైర్యంగా చేతిలోకి తీసుకోవడం కోసమే పుట్టిన వస్తువును మనం తాళం వేసి దాచిపెడితే, దాన్ని కొన్న ప్రయోజనమే నెరవేరదు.

ఈ మాట నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. 1992లో నేను డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆ కళాశాల పేరు ఇక్కడ అనవసరం. మా ప్రయోగశాలలో 8085 అనే పాత చిప్పుతో చేసిన మైక్రోప్రాసెసర్ కిట్లు నాలుగే ఉండేవి. పది మందికి ఒక కిట్టు ఇచ్చేవారు, మిగిలిన వేళల్లో అవి బీరువాలో ఉండేవి. కిట్టు మీది చిన్న మీటలతో సంకేతాలు ఒక్కొక్కటే నొక్కి ప్రోగ్రామును ఎక్కించేవాళ్లం. కరెంటు పోతే అంతా చెరిగిపోయి మళ్లీ మొదటికి వచ్చేది. ఆ రోజుల్లో కరెంటు ఎంత తరచుగా పోయేదో పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

నా బల్ల మీదే ఒక మిత్రుడు పనిచేసేవాడు. వాళ్ల నాన్నగారు మిర్చి యార్డులో బస్తాలు మోసేవారు. మా తరగతిలో సర్క్యూట్ బొమ్మ చూసి అది ఏం చేస్తుందో వెంటనే చెప్పగలిగినవాడు అతనొక్కడే. ఒక మధ్యాహ్నం అతను కిట్టుకు విద్యుత్ తీగలు తగిలించాడు. ఎరుపు ఉండవలసిన చోట ఎప్పుడో తెగిపోయిన తీగకు బదులు నల్ల తీగనే అతికించి ఉండడం వల్ల రెండు తీగలూ నల్లగానే ఉన్నాయి. అవి తారుమారయ్యాయి. చిప్పు మీద వేలు పెట్టలేనంత వేడి పుట్టింది, కమురు వాసన వచ్చింది. ఎందుకు అలా జరిగిందని ఎవరూ అడగలేదు. స్టాకు రిజిస్టరులో అతని పేరు రాసి, బ్రేకేజీ కింద, అంటే పాడైన సామానుకు పరిహారంగా, పద్నాలుగు వందల రూపాయలు కట్టమన్నారు. అది ఆ ఇంటికి ఎంత పెద్ద మొత్తమో నేను చెప్పనక్కరలేదు. డబ్బు కట్టారు. ఆ తర్వాత అతను ప్రయోగశాలలో చేతులు వెనక్కి కట్టుకొని నిలబడేవాడు. మూడో సంవత్సరంలో చదువే మానేశాడు. రెండు తీగలూ నల్లగా ఉన్నాయని ఆ రోజు నేను చూశాను. చూసి కూడా మాస్టారి ఎదుట నోరు విప్పలేదు.

పదేళ్ల తర్వాత, నేను పాఠం చెప్పే స్థానంలోకి వచ్చాక, అదే రకం కిట్టు ఒకటి మరమ్మతుకు నా చేతికి వచ్చింది. విప్పి చూస్తే, విద్యుత్ లోపలికి వచ్చే దారిలో రక్షణ అన్నదే లేదు. డయోడు అంటే విద్యుత్తును ఒకే దిశలో పోనిచ్చే చిన్న భాగం. దాన్ని వరుసలో పెడితే సుమారు 0.7 వోల్టు దాని దగ్గరే ఆగిపోతుంది, 5 వోల్టులతో నడిచే కిట్టుకు మిగిలినది చాలదు. కాబట్టి డయోడును రెండు తీగల మధ్య అడ్డంగా, తిరగేసి పెట్టి, దానికి ముందు ఒక ఫ్యూజు పెట్టాలి. తీగలు సరిగా ఉన్నంతకాలం ఆ డయోడు పలకదు. తారుమారైతే ప్రవాహమంతా దాని గుండానే పోయి ఫ్యూజు ఎగిరిపోతుంది, చిప్పు బతుకుతుంది. ఆ డయోడుకూ ఫ్యూజుకూ కలిపి కొన్ని రూపాయలు చాలు. ఆ కొన్ని రూపాయల వస్తువు పెట్టనిది తయారుచేసినవారు, తెగిన తీగను నల్ల తీగతో అతికించింది ప్రయోగశాలవారు, డబ్బు కట్టింది మాత్రం పందొమ్మిదేళ్ల కుర్రవాడు.

పెద్దలారా, మన కాలంలో ఈ చిప్పులే మనకంటే ఓర్పుగా తయారయ్యాయి. ఒకప్పుడు ప్రోగ్రామును దాచే ఈప్రామ్ అనే చిప్పులోని ప్రోగ్రామును చెరపాలంటే దాని గాజు కిటికీని అతినీలలోహిత దీపం కింద పదిహేను ఇరవై నిమిషాలు ఉంచవలసి వచ్చేది. ఈ ఏటీమెగాలో 10,000 సార్లు చెరిపి రాయవచ్చని తయారీదారులే హామీ ఇస్తున్నారు. రోజుకు పది సార్లు తప్పు రాసి దిద్దుకున్నా ఆ లెక్క పూర్తి కావడానికి రెండున్నర ఏళ్లకు పైగా పడుతుంది.

ఇంట్లో పనికి వచ్చే వస్తువేదైనా పిల్లలు చేయబోతే ఎన్ని తప్పులు ఎదురవుతాయో నా అనుభవంతో చెబుతాను. మా మేడ మీది ట్యాంకులో నీటి మట్టం తెలుసుకోవడానికి మొదట రెండు ఉక్కు కడ్డీలు దించి, వాటి మధ్య ఎప్పుడూ 5 వోల్టులు ఉండేలా పెట్టాను. కొద్ది వారాల్లోనే ఒక కడ్డీ తినేసినట్టయింది. నీటిలో ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తు లోహాన్ని కరిగిస్తుందని పుస్తకంలో చదివినవాడినే, కడ్డీని చేతిలో పట్టుకున్నాక గాని అది నాకు పట్టుబడలేదు. చదివే క్షణంలో మాత్రమే విద్యుత్తు ఇచ్చి వెంటనే ఆపేలా ప్రోగ్రాము మార్చాను. తర్వాత కడ్డీలు తీసేసి, శబ్దం పంపి ప్రతిధ్వని వచ్చే సమయాన్ని కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరు పెట్టాను. సంక్రాంతికి సరిగ్గా చూపిన ఆ సెన్సరు మే నెలలో, నీరు మీటరు లోతున ఉంటే 96 సెంటీమీటర్లని చూపింది. వేడెక్కిన గాలిలో శబ్దం వేగంగా పోతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు పోయేది, 45 డిగ్రీల దగ్గర దాదాపు 358 మీటర్లు పోతుంది. నేను వాడిన సూత్రం చల్లటి దేశాల గాలికి రాసినది, మన గుంటూరు ఎండకు కాదు. పక్కనే ఒక ఉష్ణోగ్రత సెన్సరు పెట్టి లెక్క సరిచేశాక సెంటీమీటరు తేడా లేకుండా పనిచేసింది. అమ్మా, నాన్నా, మీ పిల్లలు ఇలాంటి తేడా ఎందుకొచ్చిందో కనిపెట్టడానికి వారం రోజులు తీసుకుంటే ఆ వారం వృథా అయిందని అనుకోకండి. సిద్ధంగా చేసిన ప్రాజెక్టును డబ్బిచ్చి కొని, మార్కులు తెచ్చుకొన్న ఇంజనీరింగ్ విద్యార్థులను నేను ఎందరినో పరీక్షించాను. బోర్డు పనిచేస్తుంది, ఒక తీగ ఊడదీస్తే మాత్రం వారు నోరు తెరవలేరు.

తాళం పూర్తిగా వద్దని నేను అనడం లేదు. 230 వోల్టులతో, లిథియం బ్యాటరీలతో తప్పులు చేసి నేర్చుకోవడం ఉండదు. అక్కడ తప్పు ప్రాణం మీదికి వస్తుంది. మొదటి ఏడాది పిల్లలు యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు దాటకూడదు. మోటారు స్టార్టరు తీగలను పెద్దవాళ్లు మాత్రమే తాకాలి. ఆ సామాను వేరే పెట్టెలో పెట్టి దానికి తాళం వేయండి. ఎల్‌ఈడీకి ప్రవాహాన్ని తగ్గించే రెసిస్టరు పెట్టడం మరిచిపోతే పోయేది ఎల్‌ఈడీయో చిప్పు కాలో. రిలేను, అంటే విద్యుత్తుతో పనిచేసే స్విచ్చును, నేరుగా చిప్పు కాలికి కలిపితే, 70 మిల్లీఆంపియర్లు అడిగే రిలే ముందు 40 దాటి ఇవ్వకూడని ఆ కాలు చచ్చిపోతుంది. పోనివ్వండి. ఆ పిల్లవాడు చిన్న ప్రవాహంతో పెద్ద ప్రవాహాన్ని నడిపించే ట్రాన్సిస్టరు ఎందుకు పెట్టాలో ఇక మరవడు.

నిర్వాహకులను నేను కోరేది ఇది. ఇక మీదట కూడా చిప్పును సాకెట్లో గుచ్చిన రకం ఊనో బోర్డులనే కొనండి, అప్పుడు కాలినది చిప్పు ఒక్కటే అయితే బోర్డు మిగులుతుంది. పది చిప్పులు అదనంగా ఉంచండి. కొత్త చిప్పులో బూట్‌లోడర్‌ను, అంటే మనం రాసిన ప్రోగ్రామును లోపలికి తీసుకొనే చిన్న ప్రోగ్రామును, ఎక్కించడం మరో ఊనోతోనే పిల్లలు నేర్చుకోవచ్చు, నేనే వచ్చి చూపిస్తాను. కాలిన వస్తువుకు పిల్లల చేత పైసా కట్టించవద్దు. దానికి బదులు ఏం కాలింది, ఎందుకు కాలింది, ఇక మీదట ఏం చేయాలి అన్నది వారి చేతనే రాయించండి. కారణం దొరకకపోతే దొరికేదాకా అందరూ కలిసి వెతకండి.

అందుకోసం ఒక నోటుపుస్తకం తెచ్చాను. మొదటి పేజీ నేనే రాశాను, చదువుతాను. “1992. 8085 కిట్టు. చిప్పు కాలింది. కారణం: విద్యుత్ తీగలు రెండూ ఒకే రంగులో ఉన్నాయి, కిట్టులో రక్షణ డయోడు లేదు. చూసినవాడు చెప్పలేదు.” దీన్ని బీరువా పక్కన మేకుకు తగిలించండి. ఇదిగో అట్ట లోపల వంద డయోడులు కూడా ఉన్నాయి. కార్యదర్శిగారూ, దయచేసి ఆ తాళంచెవి పిల్లల్లో ఒకరికి ఇవ్వండి.